వెదురు తెప్ప మీద పదో తరగతి

చింతగొందికి గోదారి ఒక్కటే దారి. పోలవరం రేవులో లాంచీ ఎక్కి, పాపికొండల మధ్యనుంచి ఏడెనిమిది గంటలు ఎదురెక్కితే, కొండ కింద మూడు వీధులు కనిపిస్తాయి. అదే ఊరు. మంగళవారం సంత, ఇద్దరు కానిస్టేబుళ్ళున్న పోలీసు ఔట్‌పోస్టు, ఫారెస్టు వాళ్ళ కలప డిపో, ఏ జబ్బుకైనా ఒకే సీసాలో మందు పోసిచ్చే కాంపౌండరు. చుట్టుపక్కల ముప్ఫై కొండపల్లెలకి అదే పట్నం. వానాకాలంలో లాంచీ ఆగిపోతే ఆ పట్నానికి లోకంతో మాటల్లేవు.

అలాంటి ఊరికి హైస్కూలు వచ్చింది. పదో తరగతి మొదటి బ్యాచి డెబ్భై తొమ్మిది మార్చిలో పరీక్షకి తయారైంది. మొత్తం తొమ్మిది మంది. ఎనమండుగురు మగపిల్లలు, ఒక ఆడపిల్ల. పరీక్ష సెంటరు పోలవరంలో.

రాజమౌళికి ఈ సంగతులేవీ పట్టవు. అతను ఆ ఊళ్ళో కిరాణా కొట్టు పెట్టి ఇరవై రెండేళ్ళయింది. ఉప్పు దగ్గర్నుంచి లాంతరు చిమ్నీ దాకా అతని కొట్లో దొరక్కపోతే ఊళ్ళో లేనట్టే. నెలకోసారి సరుకు కోసం రాజమండ్రి వెళ్ళొస్తాడు. ఇన్నేళ్ళు గోదారి మీద తిరిగినా ఈత రాదు. లాంచీలో ఎప్పుడూ ఇంజను పక్కన, సరిగ్గా మధ్య బల్ల మీదే కూచుంటాడు. ఒకరి జోలికి పోడు, ఒకరి బరువు నెత్తిన వేసుకోడు. “మనకెందుకండీ” అన్నది అతని ఊతపదం. పిల్లల్లేరు. ఇంట్లో భార్య బుజ్జమ్మ, కొట్లో తను.

హెడ్మాస్టరు మల్లేశ్వరరావుగారు హాల్‌టికెట్లు తీసుకోడానికీ, పిల్లలకి బస చూడ్డానికీ శుక్రవారమే పోలవరం దిగిపోయారు. శనివారం పిల్లల్ని తీసుకురావలసిన సైన్సు మాస్టారు చంద్రరావు ఆ తెల్లవారేసరికి మలేరియా చలితో మూడు దుప్పట్ల కింద వణుకుతున్నాడు. ఆ రోజు లాంచీ అలా తప్పింది. సోమవారం పొద్దున్న తొమ్మిదిన్నరకి మొదటి పరీక్ష. ఇక మిగిలింది ఆదివారం లాంచీ ఒక్కటే.

శనివారం సాయంత్రం పిల్లల తల్లిదండ్రులంతా కొట్టు ముందుకొచ్చి నిలబడ్డారు. ముందు బుల్లెమ్మ నిలబడింది. సంతలో చింతపండూ, అడ్డాకులూ అమ్ముకునే మనిషి. ఆ ఒక్క ఆడపిల్లా ఆమె కూతురే.

“రేపు మీరెలాగూ సరుక్కి వెడుతున్నారంట కదండి శెట్టిగారూ. మా పిల్లల్ని పోలవరం రేవులో దింపేద్దురూ. హెడ్మాస్టారుగారు అక్కడే ఉంటారంట.”

“నాకెందుకమ్మా ఈ గొడవ? పిల్లలు గోతం బస్తాలేంటి, ఎత్తి దింపడానికి?”

“బస్తాల్లాగే కూచుంటారండి. కదలరండి.”

రాజమౌళి ఇంకేదో అనబోయాడు. లోపలి నుంచి బుజ్జమ్మ గొంతు వినబడింది. “దింపుతారులే బుల్లెమ్మా. పొద్దున్నే రేవుకి పంపించండి.”

ఇరవై రెండేళ్ళుగా ఆ గొంతుకి ఎదురు చెప్పడం అతనికి చేతకాలేదు. దింపడమే కదా, హెడ్మాస్టరు ఎదురొస్తాడు, లెక్క చూసి అప్పజెప్పి తన దారిన తను పోవచ్చు అని సర్దుకున్నాడు.

ఆదివారం పొద్దున్న రేవు తిరనాళ్ళలా ఉంది. ఒక తండ్రి కొడుక్కి కొత్త చెప్పులు తొడిగాడు. ఒక తల్లి దిష్టి తీసింది. అందరూ ఎక్కాక బుల్లెమ్మ మోకాలి లోతు నీళ్ళలోకొచ్చి, లాంచీ అంచు పట్టుకుని, “మీ చేతుల్లో పెట్టానండి” అంది. అప్పటిదాకా లేని బరువేదో ఆ మాటతో రాజమౌళి భుజాల మీద పడింది. గబగబా వెళ్ళి ఇంజను పక్కన కూచున్నాడు.

ఎండాకాలం మొదలైంది. గోదారి అప్పటికే సన్నబడి, ఎక్కడపడితే అక్కడ ఇసుక వీపు చూపిస్తోంది. కొండల మధ్య లోతుంది కాబట్టి లాంచీ హాయిగా సాగింది. కొండలు దాటి నది వెడల్పయ్యే చోటికి వచ్చేసరికి రెండయింది. లాంచీ నడిపే సరంగు ఒక పాయ వదిలి ఇంకో పాయలోకి తిప్పాడు. కింద గరగరమని చప్పుడైంది. లాంచీ ఒక్కసారి ముక్కుమీద పడ్డట్టు వంగి, ఆగిపోయింది.

గంటసేపు వెనక్కి లాగారు, పక్కకి నెట్టారు. మగవాళ్ళంతా దిగి భుజాలు పెట్టారు. ఇసుక మేట లాంచీని వదల్లేదు.

“లాభం లేదండి,” అన్నాడు సరంగు, తల తుడుచుకుంటూ. “రేపు కిందనుంచి వచ్చే లాంచీ తాడేసి లాగాలి. మధ్యాహ్నానికి ఖాయంగా లాగేస్తారు. గాభరా పడకండి, వంటకి బియ్యం ఉన్నాయి.”

“మధ్యాహ్నమా?” అన్నాడు రాజమౌళి.

“ఆయ్. పన్నెండూ ఒంటిగంటా.”

మిగతా ప్రయాణికులు నిట్టూర్చి, తువ్వాళ్ళు పరుచుకుని నీడ చూసుకున్నారు. తొమ్మిది మంది పిల్లలు మాత్రం నిలబడే ఉన్నారు. పద్దెనిమిది కళ్ళూ రాజమౌళి మొహం మీదే ఉన్నాయి.

“గట్టెమ్మట నడిస్తేనో?” అన్నాడతను సరంగుతో.

“పద్నాలుగు మైళ్ళండి. మధ్యలో రెండు వాగులు, ఎలుగుల అడివి. పిల్లల్తో చీకటి పడితే?”

“అయితే సెప్టెంబర్లో రాస్తార్లే. మళ్ళీ పెడతారంట కదా,” అన్నాడు రాజమౌళి, ఎవరికీ కాకుండా గాలికి చెప్పినట్టు.

అప్పుడు చిన్నమ్మాయి మాట్లాడింది. బుల్లెమ్మ కూతురు. పుస్తకాల సంచీ గుండెకి హత్తుకుని ఉంది. “మా అమ్మ ఈ ఒక్కసారికే ఒప్పుకుందండి. మా మావయ్యలతో పోట్లాడి పంపింది. రాయకుండా ఇంటికెళితే ఇంక పంపదండి, శెట్టిగారూ.” ఆ పిల్ల ఏడవలేదు. ధర చెప్పినట్టు చెప్పింది. అదే రాజమౌళికి కష్టంగా తోచింది.

అతను ఇసుక మేట మీదికి దిగి అవతలి పాయ దాకా నడిచాడు. ఎందుకు నడిచాడో అతనికే తెలీదు. ఆ కళ్ళ ముందు నిలబడలేక కావచ్చు. అక్కడ, ఎగువనుంచి, వెదురు తెప్ప ఒకటి నెమ్మదిగా వస్తూ కనిపించింది. అడివిలో నరికిన వెదుళ్ళని కట్టలు కట్టి, కట్టకి కట్ట జోడించి, రైలు పెట్టెల్లా ఒకదాని వెనక ఒకటి తగిలించి రాజమండ్రి దాకా వదిలే తెప్ప అది. ముందు పెట్టె మీద ఆకుల గుడిసె, మట్టి పొయ్యి, గెడ వేస్తున్న ఇద్దరు మనుషులు. తన లాంచీ దాటిపోయే ఇలాంటి తెప్పల్ని రాజమౌళి వందసార్లు చూశాడు. దానిమీద మనుషులెలా నిలబడతారో తల్చుకుంటేనే కూచున్న బల్ల గట్టిగా పట్టుకునేవాడు.

అతను తువ్వాలు తీసి ఊపాడు. “ఓయ్! ఓ తెప్పా!”

తెప్పవాడి పేరు అప్పాజీ. నలభై ఏళ్ళ మనిషి, ఎండకి మాడిన వీపు. రెండో అతను అప్పాజీ బావమరిది. సంగతంతా విని అప్పాజీ పిల్లల్ని లెక్కపెట్టాడు. తర్వాత రాజమౌళిని ఎగాదిగా చూశాడు.

“పొద్దుగూకేదాకా పోతామండి. చీకట్లో తెప్ప నడపం, ఒడ్డున కట్టేస్తాం. మళ్ళా తెల్లారగట్ల వదిల్తే తొమ్మిదికల్లా పోలవరం. గాలి బాగుంటే.”

“బాగోకపోతే?”

“గాలి నా చేతిలో లేదుగదండీ.”

“పిల్లలు పడిపోతే?”

“ఈళ్ళా? గోదారొడ్డు పిల్లలండీళ్ళు. పడితే మీరు పడాలి.”

పిల్లలు నవ్వారు. పొద్దుట్నుంచీ అదే మొదటి నవ్వు. రాజమౌళి వెనక్కి తిరిగి ఇసుకలో ఇరుక్కున్న లాంచీని చూశాడు. అక్కడే ఉండిపోతే తప్పు గోదారిది, తనది కాదు. తెప్ప ఎక్కిస్తే ఏం జరిగినా తనదే. తొమ్మిది గుమ్మాలకి తొమ్మిది జవాబులు చెప్పాలి. ఇదంతా అతనికి స్పష్టంగా తెలుసు. తెలిసీ, “ఎక్కండర్రా” అన్నాడు.

పిల్లలు సంచులు నెత్తిన పెట్టుకుని మోకాలి లోతు నీళ్ళలో నడిచి చకచకా ఎక్కేశారు. అతన్ని మాత్రం మగపిల్లల్లో శాంతికుమార్, సత్తిరాజు చెరో రెక్క పట్టుకుని ఎక్కించారు. కాళ్ళ కింద వెదుళ్ళు కిర్రుమన్నాయి, సందుల్లోంచి నీళ్ళు పైకి తన్నాయి. అతను కళ్ళు మూసుకుని గుడిసె గుంజని కౌగలించుకున్నాడు.

“కళ్ళు తెరవండి శెట్టిగారూ, పాపికొండలు వెనక్కెళ్ళిపోతున్నాయండి,” అన్నాడు సత్తిరాజు.

కాసేపటికి తెరిచాడు. ఇంజను మోత లేదు. నీళ్ళ చప్పుడు, గెడ చప్పుడు, పిల్లలు వ్యాకరణం వల్లెవేస్తున్న చప్పుడు అంతే. ఇరవై రెండేళ్ళలో గోదారి గొంతు వినడం అతనికి అదే మొదటిసారి. భయం పోలేదు గాని, కొంచెం పక్కకి జరిగి కూచుంది.

పొద్దుగూకాక తెప్పని ఒడ్డు చెట్టుకి కట్టారు. అప్పాజీ బావమరిది అన్నం వండాడు. బుజ్జమ్మ మూడు రోజులకి సరిపోయేలా కట్టిచ్చిన పులిహోరా, చేగోడీలూ ఆ ఒక్క పూటలో అయిపోయాయి. పిల్లలు వరసగా వెదుళ్ళ మీద పడుకున్నారు. రాజమౌళి నిద్ర మధ్యలో రెండుసార్లు లేచి తొమ్మిది తలలూ లెక్కపెట్టి మళ్ళీ పడుకున్నాడు.

తూరుపు తెల్లబడుతుండగానే తెప్ప వదిలారు. ఏడింటిదాకా అంతా సవ్యంగా సాగింది. ఆ తర్వాత దక్షిణంనుంచి గాలి లేచింది. మొదట చల్లగా, హాయిగా అనిపించింది. పది నిమిషాల్లో నీళ్ళ మీద అలలు రేగాయి. అప్పాజీ మొహం మారింది. తెప్ప ముందుకి పోవడం మానేసి, నిలబడి వణకడం మొదలుపెట్టింది.

“ఏమైంది?”

“ఎదురుగాలండి. ఇంత పొడుగు తెప్పని ఇద్దరం నెట్టలేం. గాలి తగ్గేదాకా కట్టెయ్యాలి.”

“ఎప్పటికి తగ్గుతుంది?”

“సాయంత్రానికి.”

పోలవరం ఇంకా మూడు మైళ్ళుంది. పోలవరం వైపు గట్టున నడుద్దామంటే కొండ నిలువునా నీళ్ళలోకి దిగి ఉంది. అవతలి గట్టున దారున్నా, మళ్ళీ నది దాటించేవాడు లేడు. పిల్లల చదువు ఆగిపోయింది. శాంతికుమార్ పుస్తకం మూసి సంచీలో పెట్టేశాడు.

ఆ పుస్తకం మూయడం చూశాక రాజమౌళికి ఎక్కడలేని కోపం వచ్చింది. “తియ్యరా పుస్తకం!” అని అరిచాడు. తర్వాత అప్పాజీ వైపు తిరిగాడు. “ఇంత పొడుగు నెట్టలేమన్నావు. పొట్టిదైతే?”

అప్పాజీ తల గోక్కున్నాడు. “ముందు పెట్టె ఒక్కటీ విప్పితే తేలిగ్గానే పోద్దండి. కానీ వెనకదంతా కంట్రాక్టరుగారి వెదురు. వదిలేసొచ్చానని తెలిస్తే నాకు మళ్ళా పనుండదు.”

“వదలొద్దు. ఆ కనపడే లంకలో చెట్టుకి కట్టెయ్. మీ బావమరిది కాపలా ఉంటాడు. కంట్రాక్టరుగారు అడిగితే చింతగొంది రాజమౌళి విప్పించాడని చెప్పు. నేనే వచ్చి ఆయనతో మాట్లాడతాను.”

“ఈడు ఆగిపోతే రెండో గెడ ఎవరేస్తారండి?”

“నేను వేస్తాను, నాకొచ్చు,” అని చిన్నమ్మాయి లేచింది. సత్తిరాజూ లేచాడు.

“కూచోండి!” అన్నాడు రాజమౌళి. “మూడు గంటలు రాయాల్సిన చేతులు. గెడ పడితే కలం పట్టగలరా? ఎవరూ గెడ ముట్టుకోడానికి వీల్లేదు.” అంటూనే అతను చొక్కా విప్పి గుడిసె మీద వేశాడు. పంచె ఎగ్గట్టాడు. గెడ చేతిలోకి తీసుకున్నాక గాని తనేం చేస్తున్నాడో అతనికి తెలిసిరాలేదు.

మోకులు విప్పేసరికి ఏడున్నర అయింది. తేలికపడ్డ తెప్ప లంకవారగా ముందుకి కదిలింది. “గెడ అడుగుని తాకాక వెనక్కి వాలండి. చేతుల్తో కాదండి, ఒంటితో నెట్టాలి,” అని అప్పాజీ వెనకనుంచి చెపుతున్నాడు. మొదటి నాలుగు నెట్లకీ రాజమౌళి నాలుగుసార్లు పడబోయాడు. చిన్నమ్మాయి అతని పంచె కొంగు తన మణికట్టుకి చుట్టుకుని కూచుంది. “నేను పట్టుకున్నానండి. మీరు భయపడకుండా నెట్టండి,” అంది. ఒక చేత్తో పంచె కొంగు, ఇంకో చేత్తో పుస్తకం.

ఎనిమిదికి అరిచేతులు ఎర్రబడ్డాయి. ఎనిమిదిన్నరకి బొబ్బలు లేచాయి. తొమ్మిదికి అవి చితికాయి. తువ్వాలు రెండు ముక్కలుగా చింపి చేతులకి చుట్టుకున్నాడు. కళ్ళలోకి చెమట దిగుతోంది. గాలి ఎదురు నెడుతూనే ఉంది. పిల్లలు ఒకళ్ళనొకళ్ళు ప్రశ్నలడుక్కుంటున్నారు. మధ్యమధ్యలో అతను “గట్టిగా చదవండి, నాకు వినబడాలి” అంటున్నాడు. అతనికి ఒక్క ముక్కా అర్థం కావడం లేదు. కానీ ఆ గొంతులు ఆగితే తన చేతులు కూడా ఆగిపోతాయని అనిపించింది.

కొండ మలుపు తిరిగేసరికి దూరంగా పోలవరం రేవు కనిపించింది. వాచీ తొమ్మిదీ ఇరవై చూపిస్తోంది.

“ఆలస్యమైతే లోపలికి రానిస్తారా?” అన్నాడు ఎగరొప్పుతూ.

“అరగంటదాకా రానిస్తారండి,” అన్నాడు శాంతికుమార్. “పది దాటితే గేటు మూసేస్తారండి.”

“అయితే ఉంది. ఇంకా ఉంది.”

రేవు మెట్ల మీద తెల్లచొక్కా మనిషి ఒకడు అటూ ఇటూ తిరుగుతున్నాడు. నది మీదికి చెయ్యడ్డం పెట్టుకుని చూశాడు. లాంచీ కోసం చూసే ఆ మనిషి తెప్పని పట్టించుకోలేదు. ఎనిమిది మంది మగపిల్లలూ లేచి ఒకేసారి “మాస్టారండీ!” అని కేకపెట్టారు. మల్లేశ్వరరావుగారు ఉలిక్కిపడి, చెప్పులతోనే నీళ్ళలోకి దిగిపోయారు. నిన్న సాయంత్రంనుంచీ ఆ రేవు వదలని మనిషి. కళ్ళు గుంటలు పడ్డాయి. పై జేబులో తొమ్మిది హాల్‌టికెట్లూ ఉన్నాయి.

తెప్ప మెట్టుకి తగిలేసరికి తొమ్మిదీ నలభై.

“అందరూ ఉన్నారా? అందరూ ఉన్నారా?” అంటూ ఆయన ఒక్కొక్కళ్ళ తలా తడుముతున్నారు.

“తొమ్మిది. చూసుకోండి మాస్టారూ. లెక్కలు తర్వాత, ముందు పరిగెత్తించండి!”

చిన్నమ్మాయి మణికట్టుకి చుట్టిన పంచె కొంగు విప్పుకుంది. తడిసిన పావడా పిండుకుని, అతనికేసి ఒక్కసారి చూసి, మగపిల్లల్ని దాటుకుని అందరికంటే ముందు పరిగెత్తింది. సత్తిరాజు చెప్పు ఒకటి నీళ్ళలో పోయింది. వాడు రెండోది కూడా విసిరేసి వట్టికాళ్ళతో పరిగెత్తాడు.

రాజమౌళి మెట్ల మీద కూలబడ్డాడు. స్కూలు అక్కడికి అయిదు నిమిషాల నడక. వెళ్ళి చూడాలనుంది గాని కాళ్ళు లేవలేదు. అప్పాజీ పక్కన కూచుని బీడీ వెలిగించాడు. కాసేపటికి హెడ్మాస్టరుగారు తిరిగొచ్చారు. మనిషి గాలి తీసిన బెలూన్లా మెత్తబడిపోయి ఉన్నారు.

“కూచోబెట్టానండి. తొమ్మిదీ యాభైకి పేపరు చేతికిచ్చారు. అందరికీ.” ఆయన పక్క మెట్టు మీద కూచున్నారు. “మూడేళ్ళుగా నేను చదువు చెప్పానండి శెట్టిగారూ, పరీక్ష దాకా తెచ్చింది మాత్రం మీరు.”

“నేనేం చేశానండీ. అప్పాజీ తెచ్చాడు,” అన్నాడు రాజమౌళి. అని, ఎందుకో తెలీకుండా నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వుతుంటే కళ్ళ నీళ్ళొచ్చాయి. చేతులకి తువ్వాలు చుట్టి ఉంది కాబట్టి తుడుచుకోలేకపోయాడు. హెడ్మాస్టరుగారు తన రుమాలుతో తుడిచారు.

పన్నెండున్నర దాటాక పిల్లలు బయటికొచ్చారు. రాజమౌళి అప్పటికి స్కూలు ప్రహరీ నీడలో ఒక కునుకు తీసి లేచాడు. చేతులకి ఎవరో పసుపూ, వెన్నా రాసి గుడ్డ కట్టారు.

“ఎలా రాశారర్రా?”

“బాగానే రాశామండి. వ్యాసం నేను ఆరు పేజీలు రాశానండి,” అన్నాడు సత్తిరాజు.

చిన్నమ్మాయి సిరా అంటిన వేళ్ళు చూపించి, “అన్నీ రాశానండి,” అంది. అంతే అంది. ఆ రెండు మాటలూ చాలనిపించాయి రాజమౌళికి.

ఆ తొమ్మిది మందిలో ఏడుగురు పాసయ్యారు, చిన్నమ్మాయితో సహా. ఆరు పేజీల సత్తిరాజు లెక్కల్లో పోయి, సెప్టెంబర్లో గట్టెక్కాడు. అది జూన్‌లో తెలిసిన సంగతి. ఆ మధ్యాహ్నం మాత్రం ఎవరికీ ఫలితాల ఆలోచన లేదు, ఆకలి తప్ప. హెడ్మాస్టరుగారు అందర్నీ హోటలుకి తీసుకెళ్ళారు. బొబ్బల చేతులతో రాజమౌళి అన్నం కలుపుకోలేకపోతుంటే హోటలు యజమాని చెంచా తెచ్చిచ్చాడు.

రెండున్నరకి, ఇసుకలోంచి బయటపడ్డ లాంచీ రేవులోకొచ్చింది. సరంగు దిగుతూనే, “దారిలో లంక దగ్గర మీ బావమరిదిని చూశానోయ్. వెదురు మీద కాళ్ళు చాపుకుని పడుకున్నాడు. ఒక్క కట్టా చెదర్లేదు,” అన్నాడు అప్పాజీతో. అప్పాజీ రెండు చేతులూ జోడించి గోదారికి దణ్ణం పెట్టుకున్నాడు. అప్పుడే ఎగువకి బయల్దేరుతున్న ఇంకో లాంచీ అతన్ని లంక దగ్గర దింపడానికి ఒప్పుకుంది.

ఆ లాంచీ కదలబోతుండగా రాజమౌళి అంచుదాకా పరిగెత్తుకెళ్ళాడు. “చింతగొందిలో బుల్లెమ్మకి చెప్పండి, పిల్ల పరీక్ష రాసిందని. అన్నీ రాసిందని చెప్పండి. మిగతావాళ్ళకీ చెప్పండి. మా ఇంట్లో చెప్పండి, నేను ఇంకో రెండు రోజులాగి రాజమండ్రి వెడతానని.”

“ఏం శెట్టిగారూ, సరుకుకి ఆలస్యం కాదూ?” అన్నాడు ఆ లాంచీ సరంగు.

“రేపు కూడా వీళ్ళకి పరీక్షుందయ్యా,” అన్నాడు రాజమౌళి.